కొవ్వెంత, కండెంత: డెక్సా, సీటీ, ఎంఆర్ఐ స్కాన్ల గురించి మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురంలో స్కానింగ్ గదిలో టెక్నీషియన్‌గా 22 ఏళ్ళు పనిచేసి బయటికొచ్చాను. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు నుంచి వచ్చే తెలుగువాళ్ళు బయట కౌంటర్ దగ్గర ఒడియాలో తలూపేసి, లోపలికొచ్చి నా యాస విన్నాక "మీరు మనోళ్ళేనేటి?" అని, అసలు అడగాల్సినవన్నీ అప్పుడు అడిగేవారు. ఇప్పుడు ఫోన్లో అడుగుతున్నారు. చెప్పిందే చెప్పి గొంతు నొప్పెడుతోంది కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను. మందులు, వైద్యం వాళ్ళ పని. యంత్రం ఏం చూస్తుంది, కాగితం మీద పడ్డ అంకెను ఎంతవరకు నమ్మొచ్చు అన్నంతవరకే నా మాట.

బరువు తూకం ఇంట్లోనే ఉంది కదండీ, మళ్ళీ ఈ బాడీ కంపోజిషన్ ఏటి?

తూకం బస్తా బరువు చెబుతుంది. బస్తాలో ధాన్యమెంత, తవుడెంత అన్నది చెప్పదు. ఒంట్లో ఏది ఎంత ఉందో విడదీసి చూడడమే బాడీ కంపోజిషన్. స్కాన్ లెక్కలో ముఖ్యంగా మూడు భాగాలు: ఎముకలోని ఖనిజం, కొవ్వు, మిగిలిందంతా. ఆ మిగిలినదాన్ని రిపోర్టులో 'లీన్' అంటారు. చాలామంది లీన్ అంటే కండ అనుకుంటారు. కాదు. కండతో పాటు కాలేయం, గుండె, పేగులు, ఒంట్లో నీళ్ళు అన్నీ అందులోనే. ఈ ఒక్క మాట గుర్తుంటే రిపోర్టు చదవడంలో సగం తప్పులు తప్పుతాయి.

నా బీఎంఐ 23 లోపే ఉంది. సన్నగానే ఉన్నాను. నాకేం అవసరం?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళ పొట్ట వైపే నా చూపు ముందు వెళ్తుంది, ఏమనుకోకండి.

బీఎంఐ అంటే కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించగా వచ్చేది. ఆ సూత్రం 19వ శతాబ్దంలో బెల్జియం గణితవేత్త క్వెట్లేది. ఆయన చూసింది జనాభా సగటు, ఒక మనిషి ఆరోగ్యం కాదు. 1972లో అమెరికాలో ఆన్సెల్ కీస్ దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాక అది ప్రతి ఆసుపత్రి గోడకూ ఎక్కింది. మన దేశంలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని డాక్టర్లు లెక్కిస్తారు. తెల్లవాళ్ళకు పెట్టిన 25, 30 గీతలు మనకు పనికిరావు. అదే బీఎంఐ దగ్గర మన ఒంట్లో కొవ్వు ఎక్కువ, కండ తక్కువ ఉంటుంది కాబట్టి.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది. పుణే డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ ఇద్దరూ డెక్సా (రెండు రకాల ఎక్స్‌రేలతో ఎముక, కొవ్వు, మిగిలింది విడదీసి కొలిచే) స్కాన్ తీయించుకుని, 2004లో ల్యాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఫొటో పక్కపక్కన వేయించారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. యుడ్కిన్ మారథాన్లు పరిగెత్తే మనిషి. యాజ్ఞిక్ మాత్రం తన వ్యాయామమల్లా ఆసుపత్రి లిఫ్టు తలుపు మూసుకోకముందే పరిగెత్తి అందుకోవడమేనని తన మీద తనే జోకు వేసుకున్నారు.

నా సంగతీ చెబుతాను. కొత్త యంత్రం వచ్చినప్పుడు ముందు మేమే పడుకుని చూసుకుంటాం. నా బీఎంఐ 22.8, కొవ్వు 29 శాతం. పక్కనున్న కుర్రాడు నవ్వాడు. అతనిది 27 వచ్చింది, అప్పుడు నేను నవ్వాను.

డెక్సా స్కాన్ ఎలా పనిచేస్తుంది?

బల్ల మీద వెల్లకిలా పడుకుంటారు. పైన ఒక చెయ్యిలాంటి భాగం తల నుంచి పాదాల దాకా మెల్లగా కదులుతుంది. గొట్టంలోకి పంపడం, సూది గుచ్చడం లాంటివేమీ లేవు. పది నిమిషాలు అటూ ఇటూగా అయిపోతుంది.

రెండు రకాల బలమున్న ఎక్స్‌రే కిరణాలు ఒంట్లోంచి వెళ్తాయి. బలహీనమైన కిరణాన్ని ఎముక ఎక్కువగా ఆపుతుంది, కండ అంతకంటే తక్కువ, కొవ్వు ఇంకా తక్కువ. బలమైన కిరణం దగ్గర ఈ తేడా బాగా తగ్గిపోతుంది. రెండింటినీ పోల్చి ఒక్కో చుక్కలో ఏముందో యంత్రం లెక్క కడుతుంది. ఇక్కడ ఒక కిటుకుంది. రెండు కిరణాలతో ఒకేసారి రెండింటినే విడదీయగలం, మూడింటిని కాదు. అందుకని ఎముక ఉన్న చోట దాని ముందూ వెనకా ఉన్న కొవ్వును యంత్రం చూడలేదు. పక్కన ఎముక లేని చోట ఉన్న పాళ్ళనే ఇక్కడా వేసుకుంటుంది. ఛాతీ దగ్గర అంకెలు కొంచెం అటూ ఇటూ కావడానికి ఇదొక కారణం. చేతులు, కాళ్ళ దగ్గర లెక్క గట్టిగా ఉంటుంది.

రేడియేషన్ అంటే టెన్షన్‌గా ఉందండీ.

డెక్సా గురించైతే టెన్షన్ వద్దు. ఒంటి మొత్తానికి తీస్తే పడేది కొన్ని మైక్రోసీవర్టులు (రేడియేషన్ కొలత ఇది, వెయ్యి కలిస్తే ఒక మిల్లీసీవర్టు). నేల, గాలి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు పడుతూనే ఉంటుంది, అంటే రోజుకు ఆరేడు మైక్రోసీవర్టులు. డెక్సా దాదాపు ఒక రోజు బతికినంత. మన గంజాం జిల్లా ఛత్రపురం తీరంలో ఇసుకలో మోనజైట్ అనే, రేడియేషన్ వెలువరించే ఖనిజం ఉంది కాబట్టి అక్కడ సహజంగానే మామూలు చోట్ల కంటే ఎక్కువ. అక్కడివాళ్ళు డెక్సా అంటే భయపడితే నాకు నవ్వొస్తుంది.

సీటీ సంగతి వేరు. పొట్ట మొత్తానికి తీసే సీటీలో సుమారు 8 నుంచి 10 మిల్లీసీవర్టులు పడతాయి, డెక్సాకు వెయ్యి రెట్ల పైమాటే. అందుకే కొవ్వు కొలవడం కోసమని ఎవరూ ప్రత్యేకంగా పొట్ట సీటీ తీయించుకోకూడదు. ఎంఆర్ఐలో ఎక్స్‌రే ఉండదు.

గర్భిణులు డెక్సాకు రాకూడదు. అనుమానం ఉన్నా ముందే చెప్పండి. గదిలో అత్తగారు ఉన్నారని మొహమాటపడి చెప్పనివాళ్ళను చూశాను. అందుకే ఆ ప్రశ్న అడిగేముందు తోడొచ్చినవాళ్ళను బయట కూర్చోబెట్టేవాణ్ణి.

మరి సీటీలో కొవ్వు, కండ ఎలా తెలుస్తాయి?

సీటీలో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది. సీటీని కనిపెట్టిన ఇంగ్లాండు ఇంజనీరు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ పేరే ఆ అంకెకు పెట్టారు. ఆయనకు 1979లో నోబెల్ వచ్చింది. నీళ్ళు సున్నా, గాలి మైనస్ 1000. కొవ్వు మైనస్ 190 నుంచి మైనస్ 30 మధ్య, కండ మైనస్ 29 నుంచి ప్లస్ 150 మధ్య పడతాయి. కంప్యూటర్ ఆ అంకెల్ని బట్టి ఒక్కోదానికి ఒక్కో రంగు పూస్తుంది, అంతే.

డెక్సాకు కనబడనిది సీటీకి కనబడుతుంది. చర్మం కింది కొవ్వు వేరు, పేగుల చుట్టూ లోపల పేరుకున్న కొవ్వు వేరు. షుగర్, గుండె జబ్బులతో ఎక్కువ సంబంధం ఉన్నది ఆ లోపలిదే. డెక్సా కూడా లోపలి కొవ్వు అంకె ఇస్తుంది కానీ అది అంచనా. సీటీలో కళ్ళతో చూస్తాం. జపాన్‌లో బొడ్డు దగ్గర ఒక్క ముక్కలో లోపలి కొవ్వు 100 చదరపు సెంటీమీటర్లు దాటితే హెచ్చరికగా లెక్కిస్తారు.

ఇంకోటి, కండ నాణ్యత. వేట మాంసం కొనేటప్పుడు చూస్తారు కదా, ఒక ముక్క ఎర్రగా గట్టిగా ఉంటుంది, ఇంకోదాంట్లో తెల్లటి చారలు పాకి ఉంటాయి. మన కండలోనూ అలా కొవ్వు పాకుతుంది. అప్పుడు సీటీలో కండ అంకె పడిపోతుంది. చుట్టుకొలత అంతే ఉండి బలం తగ్గినవాళ్ళలో ఇది చూశాను.

నాకు క్యాన్సర్ కోసమో, కిడ్నీ రాయి కోసమో సీటీ ఎప్పుడో తీశారు. దాన్ని వాడుకోవచ్చా?

ఎవరూ అడగని మంచి ప్రశ్న ఇది. 22 ఏళ్ళలో ముగ్గురో నలుగురో అడిగారు. వాడుకోవచ్చు. నడుములో మూడో వెన్నుపూస దగ్గర ఒక్క ముక్క తీసుకుని అందులో కండ వైశాల్యం కొలిస్తే, అది ఒంటి మొత్తం కండకు దగ్గరగా సరిపోతుందని తేలింది. దాన్ని ఎత్తు వర్గంతో భాగిస్తారు. క్యాన్సర్ వైద్యంలో కండ తగ్గిపోయినవాళ్ళకు కీమో బాధలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి డాక్టర్లకు ఇది పనికొచ్చే సమాచారం. మళ్ళీ రేడియేషన్ లేదు, మళ్ళీ స్కాన్ ఖర్చు లేదు. కావలసిందల్లా పాత స్కాన్ సీడీ. ఫిల్మ్ చాలదు. ఫిల్మ్ మీద బొమ్మే ఉంటుంది, అంకెలుండవు.

ప్రతి చోటా ఈ లెక్క చేసిపెట్టరు. కొలిచే సాఫ్ట్‌వేర్, చేసే ఓపిక రెండూ ఉండాలి. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్తున్నవాళ్ళు అక్కడ అడగండి.

ఎంఆర్ఐ అన్నిటికంటే గొప్పదంటారు. నిజమేనా?

కొవ్వు ఎక్కడెక్కడుందో చెప్పడంలో, నిజమే. కొవ్వులోని హైడ్రోజన్, నీళ్ళలోని హైడ్రోజన్ అయస్కాంతంలో కొద్దిగా తేడా వేగంతో తిరుగుతాయి. 1984లో డిక్సన్ అనే ఆయన ఆ తేడాను పట్టుకుని రెండు బొమ్మలుగా విడదీసే పద్ధతి చెప్పాడు. ఇవాళ్టికీ దాన్ని డిక్సన్ పద్ధతి అనే అంటారు.

కాలేయంలో కొవ్వు శాతాన్ని ఇది బాగా చెబుతుంది. సుమారు 5 శాతం దాటితే ఫ్యాటీ లివర్ అంటారు. ఊళ్ళో అల్ట్రాసౌండ్‌లో 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్' అని రాసిచ్చేది కంటితో చూసి చెప్పే మాట. కాలేయంలో కొవ్వు తక్కువగా ఉన్నప్పుడు అల్ట్రాసౌండ్ దాన్ని పట్టుకోలేకపోవచ్చు కూడా.

కానీ డెక్సాకంటే ఖర్చు ఎన్నో రెట్లు, గొట్టంలో ఎక్కువసేపు కదలకుండా ఉండాలి, చప్పుడు. మామూలు మనిషికి కొవ్వు శాతం తెలుసుకోవడానికి ఎంఆర్ఐ అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

తాళి తియ్యాలా? మొలతాడు? పచ్చబొట్టు?

ఎంఆర్ఐకి అన్నీ తియ్యాలి. తాళి, మెట్టెలు, ముక్కుపుడక, మొలతాడు, రాగి తాయెత్తు, జేబులో చిల్లర, అన్నీ. పేస్‌మేకర్ గానీ, మెదడులో క్లిప్పు గానీ, ఒంట్లో ఏ లోహపు ముక్క గానీ ఉంటే లోపలికి అడుగు పెట్టకముందే చెప్పాలి. కాగితాలుంటే తేవాలి. పచ్చబొట్టు సాధారణంగా ఫరవాలేదు. కొన్ని రంగుల్లో ఇనుము ఉంటుంది కాబట్టి ఎప్పుడో ఒకసారి మంటగా అనిపించవచ్చు. అనిపిస్తే చేతిలో ఇచ్చే బెల్లు నొక్కండి.

డెక్సాలో అయస్కాంతం లేదు కానీ లోహం ఎముకలా కనబడి లెక్క పాడుచేస్తుంది. జరీ చీర, హుక్కులు, జిప్పులు కూడా. ఆసుపత్రి గౌను వేసుకోవడమే మంచిది. తాళి తియ్యనంటే నేను బలవంతపెట్టేవాణ్ణి కాదు. పసుపు తాడుకు కట్టిన చిన్న బిళ్ళలైతే భుజం పక్కకు జరిపి, ఆ సంగతి రిపోర్టులో రాసేవాణ్ణి. తర్వాతి స్కాన్‌లోనూ అక్కడే ఉండాలని చెప్పేవాణ్ణి. ఎంఆర్ఐలో మాత్రం ఆ మాటే లేదు.

పొద్దున్న ఏం తిని రావాలి?

పరగడుపున రండి. అంబలి తాగి, లేదా ఎండాకాలం పఖాళ (నీళ్ళు పోసిన చద్దన్నం) తిని వస్తే ఆ నీళ్ళన్నీ 'లీన్' లెక్కలోకి పోతాయి. అర లీటరు తాగితే అర కిలో కండ పెరిగినట్టు కాగితం చెబుతుంది. ముందు రోజు కాల్షియం మాత్ర ఆపండి. ఈ మధ్య బేరియం పరీక్షో, కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా పడడానికి ఇచ్చే మందు) ఇచ్చిన సీటీనో జరిగితే ముందే చెప్పి కొన్ని రోజులు ఆగి రండి.

జిమ్‌లో కాళ్ళు పెట్టి నిలబడితే కొవ్వు చెప్పే మిషన్ ఉంది. అది చాలదా?

అది ఒంట్లోకి చిన్న కరెంటు పంపి, అడ్డు ఎంతుందో చూసి, ఒక సూత్రం ప్రకారం ఊహిస్తుంది. కొవ్వును అది చూడదు. నీళ్ళు తాగినా, చెమట పట్టినా అంకె మారుతుంది. ఒకే మనిషి, ఒకే వేళ, ఒకే మిషన్ మీద నెలనెలా చూసుకోవడానికి ఫరవాలేదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ఎక్కకూడదు.

రిపోర్టు వచ్చింది. ఏం చూడాలి?

రంగుల బొమ్మ చూసి భయపడకండి. పసుపు, ఎరుపు రంగులు యంత్రం ఎంచుకున్నవి, జబ్బు గుర్తులు కావు.

మొదట టీ-స్కోర్. అది ఎముకకు సంబంధించింది, కొవ్వుకు కాదు. మైనస్ 2.5 గానీ అంతకంటే కిందకి గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం. మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉంటే ఎముక పలచబడుతోందని. దీన్ని వెన్నుకు, తుంటికి విడిగా తీసిన స్కాన్‌లో చూడాలి.

తర్వాత కొవ్వు శాతం. దానికి అందరూ ఒప్పుకున్న ఒకే గీత లేదు, అందుకని ఒక్క శాతానికే కుంగిపోవద్దు. పొట్ట భాగంలో ఎక్కువుందా, తుంటి, తొడల దగ్గర ఎక్కువుందా అన్నది అంతకంటే పనికొచ్చే సంగతి.

పెద్ద వయసువాళ్ళు చూడాల్సింది చేతులు, కాళ్ళ లీన్. అక్కడ కాలేయం, పేగులు ఉండవు కాబట్టి అది దాదాపు కండే. లెక్క చేసి చూపిస్తాను. ఒక మగమనిషికి రెండు చేతులు 2.1, 2.2 కిలోలు, రెండు కాళ్ళు 6.6, 6.5 కిలోలు అనుకోండి. మొత్తం 17.4. ఎత్తు 1.62 మీటర్లు, వర్గం 2.62. భాగిస్తే 6.6. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో చెప్పిన గీత డెక్సాకు మగవాళ్ళలో 7.0, ఆడవాళ్ళలో 5.4. అంటే ఈయనకు కండ తక్కువ. అంతమాత్రాన సార్కోపీనియా (వయసుతో కండ, బలం తగ్గే జబ్బు) అని ముద్ర వేయరు. పిడికిలి బలం మగవాళ్ళకు 28 కిలోలు, ఆడవాళ్ళకు 18 కిలోలకంటే తగ్గిందా, నడక నెమ్మదించిందా అని కూడా చూస్తారు. 70 ఏళ్ళకు ఎరువు బస్తా ఎత్తగలిగే మనిషిని కాగితం చూపించి జబ్బుమనిషిని చేయకూడదు.

ఆరు నెలల తర్వాత తీయిస్తే కొవ్వు కిలో పెరిగింది. వ్యాయామం చేస్తూనే ఉన్నాను. ఎలా?

ముందు అడగాల్సింది: అదే యంత్రమా? హోలోజిక్ యంత్రం అంకె, జీఈ లూనార్ యంత్రం అంకె నేరుగా పోల్చకూడదు. రెండూ మంచివే, లెక్క కట్టే తీరు వేరు. నేను పనిచేయని ఒక సెంటర్‌లో మా బావమరిదికి ఇదే జరిగింది. మధ్యలో యంత్రం మార్చారు, ఆ మాట చెప్పలేదు, పాత అంకె పక్కన కొత్త అంకె ముద్రించి 'కండ తగ్గింది' అని చేతిలో పెట్టారు. ఆయన నెల రోజులు కోడిగుడ్లే తిన్నాడు.

అదే యంత్రమైనా, ఒకే రోజు రెండుసార్లు పడుకుంటే అంకె కొంచెం తేడా వస్తుంది. ప్రతి సెంటర్ ఆ తేడాను తనకు తాను కొలిచి పెట్టుకోవాలి. దాన్ని 2.77తో గుణిస్తే వచ్చేదానికంటే ఎక్కువ మారితేనే నిజంగా మారినట్టు. సెంటర్ తేడా 0.3 కిలోలైతే 0.8 కిలోల దాకా వచ్చే మార్పును పట్టించుకోనక్కరలేదు. "మీ ప్రిసిషన్ ఎంతండీ?" అని అడగండి. చాలాచోట్ల మొహం చూస్తారు. అడగండి అయినా.

ఎవరు తీయించుకోవాలి?

సన్నగా ఉండి షుగర్ వచ్చినవాళ్ళు, తరచూ తూలి పడుతున్న పెద్దవాళ్ళు, క్యాన్సర్ వైద్యంలో బరువు పడిపోతున్నవాళ్ళు, బరువు తగ్గే ఇంజెక్షన్లు లేదా ఆపరేషన్ తర్వాత వేగంగా తగ్గుతున్నవాళ్ళు. తగ్గే బరువులో కండ ఎంత పోతోందో తెలియడం వీళ్ళకు అవసరం. పెళ్ళికి ముందు సిక్స్ ప్యాక్ కోసం వచ్చే కుర్రాళ్ళకు అద్దం చాలు.

మన వైపు ఎక్కడ దొరుకుతుంది?

బరంపురంవాళ్ళకు ఊళ్ళో దొరక్కపోతే అటు భువనేశ్వర్, ఇటు విశాఖ. రాయగడ, గుణుపురం, కోరాపుట్ వాళ్ళకు రైలెక్కితే విశాఖే దారి. బయల్దేరకముందు ఫోన్ చేసి రెండు మాటలు అడగండి: "డెక్సా ఉందా?", "ఒంటి మొత్తానికి కొవ్వు, కండ రిపోర్టు ఇస్తారా?" రెండోది మర్చిపోవద్దు. చాలాచోట్ల యంత్రం ఉన్నా వెన్ను, తుంటి ఎముకలకే తీస్తారు. మందుల కంపెనీ క్యాంపుల్లో మడమ పెట్టించి చూసేది అల్ట్రాసౌండ్, డెక్సా కాదు. మీరు బాగా లావైతే బల్లకు బరువు పరిమితి ఎంతో కూడా అడగండి. అక్కడిదాకా వెళ్ళి తిరిగిరావడం అవమానంగా ఉంటుంది.

ఆయుష్మాన్ కార్డు పనిచేస్తుందా?

అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి. ఓపీలో తీయించుకునే డెక్సాకు చేతి డబ్బే అనుకుని వెళ్ళండి.

అంత దూరం వెళ్ళలేం. ఇంటి దగ్గరే ఏదైనా ఉందా?

టేపు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన, ఊపిరి వదిలాక కొలవండి. పంచె కట్టే చోట కాదు, పొట్ట కిందికి పంచె దిగిపోయి అందరూ అక్కడే మోసపోతారు. మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే లోపలి కొవ్వు అనుమానించాలి. పిక్క చుట్టుకొలత మగవాళ్ళకు 34, ఆడవాళ్ళకు 33 సెంటీమీటర్లకంటే తక్కువుంటే కండ సంగతి చూడాలి. చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోడానికి 12 సెకన్లు గానీ అంతకుమించి గానీ పడితే డాక్టర్‌కు చెప్పండి.

ఫారాలు ఒడియాలో, రిపోర్టు ఇంగ్లీషులో. సంతకం పెట్టేయమంటారు.

1936లో ఒడిశా విడిగా ఏర్పడినప్పటి నుంచి మనకిది అలవాటే కదా, ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, ఆసుపత్రి కాగితం ఇంగ్లీషు. కానీ ఆ ఫారంలో గర్భం, పేస్‌మేకర్, కిడ్నీ జబ్బు, కాంట్రాస్ట్ అలర్జీ లాంటి ప్రశ్నలుంటాయి. చదివి చెప్పమనండి. బరంపురంలో గానీ రాయగడలో గానీ తెలుగు వచ్చినవాళ్ళు వార్డులో ఒకరైనా ఉంటారు, కేకేస్తే చాలు.

స్కాన్ సీడీ దాచుకోవాలా? ఇప్పుడు సీడీ పెట్టే కంప్యూటర్ ఎవరింట్లో ఉంది?

దాచుకోండి. లేదా పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళి ఫైళ్ళు మొత్తం అందులో వేయమనండి. ఫొటోలు కాదు, డైకామ్ ఫైళ్ళు అని ఆ పేరే చెప్పండి. సీడీ అయితే దాని మీద తేదీ, యంత్రం పేరు మార్కర్‌తో రాసి, ఎండ తగలని చోట పెట్టండి. మొన్న గుణుపురం నుంచి ఒకాయన నాలుగేళ్ళ కిందటి సీడీ పట్టుకొచ్చారు. వెనక పసుపు మరకలున్నాయి. మెత్తటి గుడ్డతో తుడిచి పెడితే తెరుచుకుంది.